మరకలో సున్న ఎక్కడిది? (పోయిన ఆదివారం గడి, 14 అడ్డం)

అడ్డగీత
పత్రికలో పోయిన ఆదివారం వచ్చిన గడి (క్రాస్‌వర్డ్) అంతా నింపాను, కుడివైపు కింది మూల తప్ప. వారం రోజులు ఆ మూల నన్ను వదల్లేదు. 14 అడ్డం ఆధారం ఇది, చివర ఉన్నది జవాబుకు పట్టే గళ్ళ లెక్క: ‘మరక చెరిపితే మొసలి తేలింది (3)’. చెరిపితే అన్నారంటే అక్షరాలను అటూ ఇటూ మార్చమనే కదా. మ, ర, క. మారిస్తే మకర. మొసలే. ధైర్యంగా పెన్నుతో రాసేశాను. దాని చివరి గడిలోంచి 15 నిలువు మొదలవుతుంది: ‘పళ్ళున్నాయి, నమలదు (2)’. దువ్వెన కాదు, దానికి మూడు గళ్ళు కావాలి. రంపం తట్టింది. కానీ నా దగ్గర ఉన్నది ర, రం కాదు. అందుకని రంపాన్ని పక్కన పెట్టి, రేఫతో మొదలై పళ్ళున్న రెండక్షరాల జీవి కోసం వారమంతా వెతికాను.

నిన్న జవాబులు చూస్తే మకరం, రంపం! మరకలో సున్న ఎక్కడుందో ఎవరైనా చూపిస్తారా? భూతద్దం పెట్టి కూడా చూశాను.

నల్లగడి
సున్నే కదా. కలిపినా తీసినా విలువ మారదు.

అడ్డగీత
అయితే మీ జీతం చివర ఒకటి తీసేయమని చెప్పండి.

నిఘంటువుపురుగు
గడి కూర్చిన కూర్పరి తప్పేమీ లేదు. మకర అనేది ప్రాతిపదిక, అంటే విభక్తి చేరని మాట. దానికి ము చేరితే మకరము, అదే ఇప్పుడు మకరం. బడిలో వల్లించిన డు, ము, వు, లు ఒకసారి గుర్తు చేసుకోండి. మకర తోరణం, మకర రాశి అని సమాసాల్లో అంటాం గానీ ‘నీళ్ళలో మకర ఉంది’ అని ఎవరూ అనరు. గడిలో నిలబడే మాట కావాలంటే విభక్తి రావాలి, దానితోపాటే సున్న వస్తుంది. మకర అని రాసి ఊరుకున్నారంటే మీరే సగం మాట రాశారు.

ఏడు_నిలువు
ఆ లెక్కన ఆధారంలో చంద్ర అని ఇచ్చి, జవాబులో చంద్రుడు అని రాయించుకోవచ్చు. కొమ్మూ డు రెండూ విభక్తి ఖాతాలో వేసేస్తే సరిపోతుంది.

నిఘంటువుపురుగు
అది వేరు. అక్కడ ఒక గడి పెరుగుతోంది. ఇక్కడ గళ్ళు మూడే, ఉన్న అక్షరం పక్కనే సున్న వచ్చి కూర్చుంది.

ఏడు_నిలువు
కూర్చుంటే పాప కాస్తా పాపం అవుతుంది. రెండూ ఒకటేనా?

తలాతోకా
పాపం అంటే గుర్తొచ్చింది. ఇదే పత్రికలో కొంతకాలం కిందట వచ్చిన ఆధారం: ‘పసిపిల్లకు సున్న వేస్తే జాలి కలుగుతుంది (2)’. పాప, పక్కన సున్న, పాపం. చదవగానే పరీక్షలో సున్న తెచ్చుకున్న పిల్ల కనబడుతుంది. సున్న కావలసివస్తే అడిగి తీసుకున్నారు చూడండి, చడీచప్పుడు లేకుండా జేబులో వేసుకోలేదు.

అడ్డగీత
నేను మొత్తుకుంటున్నది అదే.

కొత్తగా_గడిలో
మీరు ఒక్క సున్న కోసం ఇంత వాదిస్తున్నారు. నేను మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాను, నాలుగు జవాబులు దాటలేదు. జవాబు చూశాక కూడా అది ఎలా వచ్చిందో తెలియదు. ‘నవల చెదిరిపోయిన కారణంగా (3)’ అన్నదానికి జవాబు వలన అట. ఎవరి వలన? దేని వలన? ఆ వాక్యమే పూర్తి కాలేదు.

తలాతోకా
దాన్ని వాక్యం అనుకోవడం మీ పొరపాటు. మీరు అలా అనుకునేలా రాయడం కూర్పరి నేర్పు. ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి జవాబుకు సూటి అర్థం, రెండోది ఆ జవాబును అక్షరాలతో కట్టే దారి. అర్థం ముక్క మొదట్లోనైనా ఉంటుంది, చివర్లోనైనా ఉంటుంది, నడిమధ్యన మాత్రం ఉండదు. అందుకే ముందు రెండు కొసలూ పట్టుకుని లాగి చూడాలి. ఇక్కడ చివరి కొస ‘కారణంగా’. వలన అన్నా కారణంగా అన్నా ఒకటే. దాన్ని తీసేస్తే మిగిలేది ‘నవల చెదిరిపోయిన’. న, వ, ల చెదిరితే వ, ల, న. ఇక ఆ నవల ఎవరిది, ఎందుకు చెదిరింది అని ఆలోచించారో, వలలో పడ్డట్టే.

చెదిరింది, తడబడింది, కకావికలైంది, పిచ్చెక్కింది అని కనబడితే అక్షరాలు కలపాలి. వెనుదిరిగింది అంటే వెనక నుంచి చదవాలి. నిలువు ఆధారంలో పైకెక్కింది అన్నా అదే పని. తల పోయింది అంటే మొదటి అక్షరం కొట్టేయాలి: ‘సంగీతంలో తల పోయినా పాట మిగిలింది (2)’. గీతం మిగులుతుంది. ఇంకో సంగతి, మన దగ్గర అక్షరం అంటే ఒక గడిలో పట్టేదంతా. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఆ గడిలోనే. లక్ష్మికి రెండు గళ్ళు చాలు.

ఇప్పుడు ఇది మీరు చెప్పండి: ‘చెట్టు చెక్కను తిరగేస్తే చదువుకు పనికొచ్చింది (3)’.

కొత్తగా_గడిలో
చెక్క అంటే మాను, కాదు, దుంగ, కాదు... మూడక్షరాలు... కలప. తిరగేస్తే పలక! పలక!!

నల్లగడి
ఇంకొకరి ఆదివారాలు పోయాయి.

బద్ధకపుఆదివారం
నాకు దాగుడుమూతల ఆధారాలంటే ఇష్టం, అవే ఎక్కువ దెబ్బ తీస్తాయి కూడా. ‘లత రంగంలో దాక్కున్న అల (3)’. లత ఎవరు, ఏ నాటకం, ఏ రంగం అని అరగంట కొట్టుకున్నాను. తరంగం ఎదురుగానే అచ్చయి ఉంది. లత తర్వాత ఉన్న కాస్త ఖాళీ నా కళ్ళు కప్పేసింది.

ఏడు_నిలువు
ఆ ఆధారంలో ఒక్క మాట వృథా లేదు. ‘లో’ అన్నది పైకి చదివే వాక్యానికీ పనికొచ్చింది, దాక్కున్న చోటు చూపించడానికీ పనికొచ్చింది. దీన్ని రాసిన చెయ్యే మొసలిని కూడా రాసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

రెండోపెన్సిల్
మా ఇంట్లో పత్రిక ఒకటే, పూరించేవాళ్ళం ఇద్దరం. మా మామగారు పెన్ను, నేను పెన్సిల్. అడ్డాలు ఆయనవి, నిలువులు నావి అని పెళ్ళైన కొత్తలో ఒప్పందం జరిగింది, ఇప్పటికీ ఎవరూ మీరలేదు. మీరినట్టు కనబడకుండా ఒకరి గళ్ళలోకి ఒకరం తొంగిచూస్తాం, అంతే. ఆయనకు జవాబు వస్తే చాలు, దారి అక్కరలేదు. ఒకసారి ‘చేతిలో లవుడు చిక్కాడని కంగారు (4)’ అని వచ్చింది. చూసీచూడగానే కలవరం అని రాసేశారు. ఎలా వచ్చింది మామయ్యా అంటే, ‘కల, వరం, కలవరం. తెలియడం లేదా?’ అన్నారు. ఆధారంలో కలా లేదు, వరమూ లేదు. అసలు దారి కరం మధ్యలో లవ. క, లవ, రం. ఎంత చెప్పినా వినరు. ‘గడి నిండిందా లేదా?’ అని అడుగుతారు. నిండింది, ఏం చేస్తాం.

తలాతోకా
మీ మామగారి దారి కూడా మంచి ఆధారమే అవుతుంది: ‘స్వప్నానికి దేవుడిచ్చినదాన్ని చేర్చినా కంగారే (4)’. ఒకే జవాబుకు రెండు దారులుండటం వేరు, అచ్చయిన దారి ఒకటే కావడం వేరు. ఆయన అచ్చు కాని గడిని పూరిస్తున్నారు.

రెండోపెన్సిల్
ఈ మాట ఆయనకు చదివి వినిపించను. నేను ఆ ఇంట్లోనే ఉండాలి.

నిఘంటువుపురుగు
చూశారా, ఇక్కడ కూడా లవుడులో డు రాలిపోయి లవ మిగిలింది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. విభక్తి ఊడిపోతే పరవాలేదు గానీ వచ్చి చేరితే గోలా?

ఏడు_నిలువు
మంచి దెబ్బే. కానీ అక్కడ ఆధారంలోని పేరును మనం మనసులో మార్చుకుంటాం, కుశలవులు అంటాం కాబట్టి లవ తెలిసిందే. అక్షరాలను కలపమన్నప్పుడు మాత్రం కళ్ళ ముందున్న అక్షరాలనే కలపాలి. వాటికి ఇంటి నుంచి తెచ్చింది కలపకూడదు.

పాతకూర్పరి
కొన్నేళ్ళు ఒక ఆదివారం అనుబంధానికి గడి కూర్చాను. అందుకని అవతలి వైపు సంగతి కాస్త చెబుతాను.

ఆధారాలు రాసుకుని వాటికి గడి గీయరు. ముందు గడి నిండాలి. నాలుగు పెద్ద మాటలు మనసుపడి వేసుకుంటాం, మిగతావి వాటి చుట్టూ సర్దుతాం. చివరికి ఒక మూల మిగులుతుంది. అక్కడ ఏ మాటా ఇమడదు. ఇంగ్లీషులో గడికి ఎక్కేవి ఇరవై ఆరు అక్షరాలే, కాబట్టి అడ్డం అక్షరం నిలువుకు అతుక్కోవడం తేలిక. మనకు ఒక్క క చాలు, గుణింతమంతా దిగుతుంది, ఆపై ఒత్తులు. అడ్డంలో ‘క్షీ’ పడిందంటే నిలువులో ‘క్షీ’తో ఏ మాట వస్తుందో చెప్పండి. క్షీరం, క్షీణం, ఆ తర్వాత తల గోక్కోవడం. అందుకే మన గళ్ళలో పొట్టి మాటలు ఎక్కువ, నల్లగళ్ళు ఎక్కువ. డు, లు, ము, రం, నం లాంటివి పడితే ప్రాణం లేచివస్తుంది. రంతో ముగిసే మాటలు కొల్లలు. రంతో మొదలయ్యేవి రంగు, రంపం, రంధ్రం, రంకె, ఇంకా ఉన్నాయి. మీ కింది మూలలో ముందు రంపం పడి ఉంటుంది, దాని మీదికి మకరాన్ని లాక్కొచ్చి ఉంటారు. ఆధారాల దగ్గరికొచ్చేసరికి మరక అనే మాట ఊరించింది. సున్న ఒక్కటే అడ్డం. ఎవరు చూస్తారులే అనుకున్నారు. నేనూ అనుకున్నాను, నాలుగైదుసార్లు. ప్రతిసారీ ఎవరో ఒకరు చూశారు.

కాబట్టి అడ్డగీత గారి వైపే న్యాయముంది. ఆఫ్రిట్ అనే మారుపేరుతో గడులు కూర్చిన ఆయన 1949లో ఈ ఆటకు ఒక ధర్మం చెప్పాడు. కూర్పరి మనసులో ఉన్నది పైకి కనబడే అర్థమే కానక్కరలేదు, కానీ రాసిన మాటల్లోంచి ఆ మనసులోది కచ్చితంగా రావాలి. మోసం చేయవచ్చు, అబద్ధం ఆడకూడదు అన్నమాట. ఆదివారాలే వచ్చే బ్రిటిష్ పత్రిక ది అబ్జర్వర్‌లో 1926 నుంచి టార్క్వెమాడా కూర్చేవాడు, ఆయన ఆధారాలు మరీ మొండివి. 1939లో ఆయన పోయాక జిమెనీజ్ వచ్చి కట్టుదిట్టం చేశాడు. ఆయన పద్ధతిని తర్వాత వచ్చిన ఆజెడ్ మూడు ముక్కల్లో తేల్చాడు: కచ్చితమైన అర్థం ఒకటి, జవాబుకు న్యాయమైన దారి ఒకటి, ఇక మరేమీ ఉండకూడదు. ఈ అబ్జర్వర్ ముగ్గురి మారుపేర్లూ స్పెయిన్‌లో మతవిచారణ చేసి జనాన్ని హింసించిన అధికారులవే. పాఠకులను ఏం చేయబోతున్నారో పేరులోనే చెప్పుకున్నారు.

మొసలి విషయానికి వస్తే, రెండు మాటలు చేరిస్తే బాగుపడేది: ‘మరక చెరిపి సున్న చుడితే మొసలి తేలింది (3)’.

అడ్డగీత
సున్న చుడితే! ఇలా రాసి ఉంటే మొదటి అయిదు నిమిషాల్లో మకరం, ఆరో నిమిషంలో రంపం. నా వారం నాకు దక్కేది.

తలాతోకా
ఆజెడ్ అంటే డెజా అనే అధికారి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసినది. మన పద్ధతిలో తిరగేస్తే జాడె వస్తుంది. తెలుగు కూర్పరులెవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు.

నల్లగడి
అసలు ఈ ఆట పేరే తారుమారు. ఆర్థర్ విన్ మొదటి గడిని న్యూయార్క్ వరల్డ్ పత్రిక సరదా అనుబంధంలో అచ్చువేసింది 1913 డిసెంబరు 21న. అదీ ఆదివారమే. ఆయన పెట్టిన పేరు వర్డ్-క్రాస్. కొన్ని వారాలకే అది తిరగబడి క్రాస్-వర్డ్ అయింది. వజ్రం ఆకారంలో ఉన్న ఆ గడిలో ఒక్క నల్లగడి కూడా లేదు. నాకు చోటులేని స్వర్ణయుగం.

బద్ధకపుఆదివారం
మనకూ పేర్ల కరువు లేదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు. మనం బద్ధకంతో గడి అని తేల్చేశాం.

నిఘంటువుపురుగు
పాతకూర్పరి గారి సవరణ బాగుంది, కాదనను. అయినా అచ్చయినది తప్పు అనడానికి నాకు మనసు రావడం లేదు. న్యాయానికి కాస్త ఇవతల ఉంది అంటాను. అసలు నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. అదే గడిలో 3 నిలువు: ‘శిరస్సుకు కర్ర తగిలినా మెత్తగానే ఉంటుంది (4)’. జవాబు తలగడ. తల, గడ, దారి బాగానే ఉంది. అర్థం ఏది? ‘మెత్తగానే ఉంటుంది’ అంటే దూది కావచ్చు, మైనం కావచ్చు, మా పై అధికారి ముందు నేను కావచ్చు.

ఏడు_నిలువు
దానికి నేను నవ్వుకున్నాను, వదిలేశాను. నవ్వించిన ఆధారానికి కొంత రాయితీ ఉంటుంది.

నిఘంటువుపురుగు
నవ్విస్తే అర్థం ఎగ్గొట్టవచ్చా? సున్న దొంగతనానికి ఉరి వేసి, అర్థం దొంగతనానికి చప్పట్లు కొడుతున్నారు.

పాతకూర్పరి
ఆయన చెప్పేదీ నిజమే. తలగడ ఆధారంలో మొత్తం వాక్యమే అర్థంగా పనిచేయాలని కూర్పరి ఆశ. అది సగమే పండింది. అయితే నాలుగు గళ్ళలో రెండు అడ్డాల నుంచి వస్తాయి కాబట్టి పూరించేవారు ఇరుక్కోరు. 14 అడ్డంలో అదే కూడలి గడిలో తప్పు జరిగింది, అందుకే నొప్పి ఎక్కువ.

కొత్తగా_గడిలో
ఫోనులో నిఘంటువు చూస్తే తప్పా? తెలిసిన అక్షరాలు వేసి మాట వెతికితే వచ్చేస్తోంది.

ఏడు_నిలువు
జవాబు తట్టాక ఆ మాట ఉందో లేదో చూసుకోవడానికి అయితే తప్పులేదు. జవాబే దానిని అడిగితే పూరించింది ఫోను.

బద్ధకపుఆదివారం
మంగళవారం దాటాక అన్నీ ఒప్పే.

నల్లగడి
1942లో బ్రిటన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రికవాళ్ళు గడిని పన్నెండు నిమిషాల్లో పూరించగలరా అని పందెం పెట్టారు. పోటీకి వచ్చినవారిలో కొందరిని తర్వాత యుద్ధకాలపు రహస్య లిపి విప్పే పనికి బ్లెచ్లీ పార్క్‌కు పిలిచారు. నాకు పన్నెండు నిమిషాలు పెన్సిల్ వెతకడానికే పడుతుంది, దేశం క్షేమంగా ఉంది.

రెండోపెన్సిల్
పెన్సిల్ అన్నారు కాబట్టి నా 14 అడ్డం కథ కూడా చెప్పేస్తాను. ఆ గడి మా ఇంట్లో అడ్డం, అంటే మామగారిది. కానీ 15 నిలువు నాది, కూడలి ఇద్దరిదీ. ఆయన మకర అని పెన్సిల్‌తో రాశారు, ఆయన పెన్సిల్ పట్టుకున్నారంటేనే అనుమానం ఉందని అర్థం. నాకు రంపం కుదరాలి కాబట్టి ర చెరిపి రం రాశాను. ఆయన వచ్చి నా సున్న చెరిపారు. నేను మళ్ళీ రాశాను. బుధవారానికల్లా రబ్బరు ధాటికి ఆ పల్చటి కాగితం నలిగి, నూలుపోగులు లేచి, సరిగ్గా ర పక్కన చిల్లు పడింది. గుండ్రంగా, వెనకవైపు వార్త కనబడేంత. ఆయన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, ‘ఇదిగో, సున్న వచ్చింది. ఇక నువ్వు రాయనక్కరలేదు’ అన్నారు.

అడ్డగీత
మరక చెరిపితే సున్న తేలింది! మీ ఇంట్లో మాత్రం ఆ ఆధారం న్యాయమే.

పాతకూర్పరి
సున్నల మీద ఇంత చర్చ జరిగాక ఊరికే పోవడం ఎందుకు, ఒకటి పట్టండి. ‘ఏమీ లేనిదానిలో సగం, ఇప్పటి రాతలో అదీ లేదు (4)’.

తలాతోకా
చెప్పను. కొత్తవారికి వదిలేస్తున్నాను.

కొత్తగా_గడిలో
కొసలు పట్టుకుని లాగుతున్నాను. ఏమీ లేనిది అంటే సున్న. రెండక్షరాలు. సగం అంటే సు ఒక్కటేనా? అప్పుడు నాలుగు గళ్ళు ఎలా వస్తాయి? సగం... అర. అర, సున్న. అరసున్న! ఇప్పుడు ఎవరూ రాయడం లేదు కదా, పాత పుస్తకాల్లో చూశాను.

నిఘంటువుపురుగు
సెబాసు. అర్థం చివర, దారి మొదట. దీనికి నేను కూడా వంక పెట్టలేను.

అడ్డగీత
అరసున్నకు ఒప్పుకుంటున్నాను. మకరం మీద ఉన్న నిండు సున్నకు మాత్రం ఒప్పుకోను. పత్రికకు ఉత్తరం రాశాను, రేపు పోస్టులో వేస్తాను.